రాత్రి బ్లోయర్ ఆపుతారు, పొద్దున సంతకం నేను పెట్టాలి

భీమవరానికి దగ్గర్లోని ఒక ఊరి నుంచి 26 ఏళ్ల అమ్మాయి రాసిన ఉత్తరం ఇది. పేరు, ఊరు, కంపెనీ వివరాలు బయట పెట్టొద్దన్నారు కాబట్టి అవి తీసేసి, ఉత్తరం పెద్దది కాబట్టి కుదించి చెబుతున్నాను.

ఆవిడ ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివి ఒక రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటులో మూడేళ్లుగా ల్యాబ్ కెమిస్టుగా చేస్తున్నారు. జీతం 22 వేలు. నాన్న లేరు. అమ్మ అదే ప్లాంటులో రొయ్యల తలకాయలు తీసే సెక్షన్లో పనిచేస్తారు. తమ్ముడు ఇంజినీరింగ్ రెండో సంవత్సరం. ఊళ్లోంచి అరవై మంది దాకా ఆడవాళ్లు రోజూ ప్లాంటు బస్సెక్కి వెళ్తారు.

ఏడాదిగా రాత్రి పది దాటితే ఈటీపీలో (మురుగునీటిని శుద్ధి చేసే విభాగంలో) ట్యాంకులకు గాలి కొట్టే బ్లోయర్లు ఆపేస్తున్నారు, కరెంటు బిల్లు తగ్గించడానికి. సీజన్లో సరుకు ఎక్కువగా వచ్చినప్పుడు ట్యాంకులు పట్టక, తెల్లవారుజామున బైపాస్ వాల్వు తిప్పి నీళ్లన్నీ నేరుగా డ్రెయిన్లోకి వదిలేస్తున్నారు. పొద్దున ఎనిమిదింటికి ఈవిడ డ్యూటీకి వచ్చేసరికి లాగ్‌బుక్‌లో బీఓడీ (నీటిలో కుళ్లే మురికి ఎంతుందో చెప్పే కొలత) 26, 28, 27 అని అంకెలు వేసి ఉంటాయి. కింద సంతకం ఈవిడ పెట్టాలి. ఒకసారి అడిగితే మేనేజరు, "ఏంటమ్మా, పొల్యూషన్ బోర్డు వాళ్లు కూడా ఇన్ని ప్రశ్నలు అడగరు. అసలే అమెరికా సుంకాలతో చస్తున్నాం, నువ్వో టెన్షన్ పెట్టకు" అన్నారట.

ఈవిడ మేనమామ నాలుగెకరాలు కౌలుకు తీసుకుని వనామీ రొయ్యలు వేస్తారు. నీళ్లు తోడేది ఆ డ్రెయిన్ నుంచే. మొన్నటి పంట డెబ్బై రోజుల మీద పోయింది. ప్లాంటు నీళ్ల వల్లే పోయిందని ఆయన నమ్మకం. "నువ్వు లోపలే ఉన్నావు కదే, ఫొటోలు తియ్యి, రిజిస్టర్ జిరాక్సులు పట్రా, కేసేద్దాం" అంటున్నారు. అమ్మేమో, "అరవై ఇళ్ల నోటి దగ్గర కూడు, నోరు మూసుకుని ఉండు" అంటున్నారు. ఉత్తరం చివర, సంతకం పైన, ఇంకో వాక్యం ఉంది: "పంట పోయిన రాత్రే మావయ్య తూము ఎత్తి ఆ చెరువు నీళ్లు కూడా డ్రెయిన్లోకి వదిలేశాడు. ఇది ఎవరికీ చెప్పలేదు, మీకే చెబుతున్నా."

అడిగింది ఇది: సంతకం పెట్టనా, ఉద్యోగం మానేయనా, మావయ్యకు సాయం చేయనా?

సమాధానం

మీరు మూడు ప్రశ్నలు అడిగారు గానీ, నాకు రెండే కనిపిస్తున్నాయి. ఒకటి మీ సంతకం. రెండోది ఆ డ్రెయిన్. ఈ రెండూ కలిసిపోవడం వల్లే మీకు నిద్ర పట్టడం లేదు. డ్రెయిన్ బాగుపడితే తప్ప సంతకం విషయం తేలదని మీరు అనుకుంటున్నారు. అలా ఏం లేదు. మీ సంతకం సంగతి ఈ వారమే తేల్చుకోవచ్చు. డ్రెయిన్ సంగతి తేలడానికి ఏళ్లు పడుతుంది, అది మీ ఒక్కరి భుజాన వేసుకునేదీ కాదు.

ముందు సంతకం. నేనూ ఇలాంటి ల్యాబుల్లో చాలా ఏళ్లు పనిచేసినవాణ్ణే. మీ ఉత్తరం చదవగానే నా కన్ను ఆ అంకెల మీద పడింది. లోతట్టు కాలువల్లోకి, డ్రెయిన్లలోకి వదిలే నీటికి బీఓడీ సాధారణ ప్రమాణం లీటరుకు 30 మిల్లీగ్రాములు. సముద్రంలోకైతే 100. మీ ప్లాంటుకు ఏది పెట్టారో బోర్డు ఇచ్చిన సీఎఫ్ఓలో (ప్లాంటు నడుపుకోవడానికి ఇచ్చే అనుమతి పత్రంలో) ఉంటుంది. 26, 28, 27 అన్నీ ముప్పైకి ఒక మెట్టు కింద ఆగాయంటే ఆ అంకెలు ఎక్కడ పుట్టాయో వేరే చెప్పక్కర్లేదు. పైగా బీఓడీ పరీక్షకు శాంపిల్‌ని 27 డిగ్రీల దగ్గర మూడు రోజులు ఇంక్యుబేటర్లో పెట్టాలి. ఈ రోజు నీటి బీఓడీ ఈ రోజు పొద్దున ఎనిమిదింటికి ఎవరికీ తెలియదు, మీకూ తెలియదు, మేనేజరుకూ తెలియదు. తనిఖీకి వచ్చినవాడు ఎవడైనా ఆ పేజీ తిప్పి, తేదీ చూసి, సంతకం చూస్తే చాలు. పక్కనే ఈటీపీ కరెంటు మీటరు ఉంటుంది కదా, చాలా సీఎఫ్ఓల్లో దానికి వేరే మీటరు పెట్టమని షరతు కూడా ఉంటుంది. రాత్రి ఎనిమిది గంటలు బ్లోయర్ తిరగలేదని ఆ మీటరు రీడింగే చెబుతుంది.

1974 నాటి నీటి కాలుష్య చట్టం కంపెనీ తప్పు చేస్తే నడిపేవాళ్లను మాత్రమే పట్టుకోదు, తెలిసి సహకరించిన అధికారులను కూడా బాధ్యులను చేయగలదు. 22 వేల జీతం కెమిస్టు ఆ లెక్కలోకి వస్తుందా రాదా అన్నది ఒకసారి లాయరుని అడగాల్సిన మాట. ఊళ్లో లాయరు వద్దు, ఏలూరులోనో విజయవాడలోనో అడగండి. నా అనుభవంలో మాత్రం గొడవ అయినప్పుడు పైవాళ్లు మొదట చూపించేది కింద సంతకాన్నే.

పాత పేజీల జోలికి వెళ్లకండి. దిద్దొద్దు, చింపొద్దు, ఒక్క గీత కూడా గీయొద్దు. ఇక ముందు రాసేవి మాత్రం మీరు చేసిన పరీక్షలే రాయండి. పీహెచ్, ఏరేషన్ ట్యాంకులో (బ్లోయర్ గాలి కొట్టే ట్యాంకులో) డీఓ అంటే నీటిలో కరిగిన ఆక్సిజన్, బ్లోయర్ మీటరు రీడింగ్ ఆ రోజుకి ఆ రోజు రాయొచ్చు. బీఓడీ గడి ఖాళీగా ఉంచి, ఫలితం వచ్చిన రోజున రాయండి. మేనేజరుకు గొడవ పెట్టుకునే భాషలో కాకుండా ఒక మామూలు మెయిల్ పెట్టండి: "సార్, బీఓడీకి మూడు రోజులు పడుతుంది కాబట్టి శాంపిల్ తేదీ, ఫలితం తేదీ విడివిడిగా నమోదు చేస్తున్నాను. ఆడిట్లో ప్రశ్న రాకుండా ఉంటుంది." ఇందులో ఆయన్ని తప్పు పట్టింది ఏమీ లేదు. కాదనాలంటే ఆయన కూడా రాతపూర్వకంగా కాదనాలి, అది రాయడానికి ఎవరికీ చెయ్యి రాదు.

దీనికి ఫలితం మూడు రకాలుగా ఉండొచ్చు. ఒకటి, వాళ్లు గొణుక్కుని ఊరుకుంటారు. రెండు, మిమ్మల్ని క్వాలిటీ సెక్షన్‌కి మార్చి లాగ్‌బుక్ ఇంకొకరికి ఇస్తారు. ఎక్కువసార్లు జరిగేది ఇదే. మీకు ఇది ఓటమిలా అనిపించొచ్చు, కానీ మీ పేరు ఆ పేజీ మీద ఉండదు. మూడు, పని నుంచి తీసేస్తారు. ఈ మూడోది జరగదని నేను మాటివ్వలేను. ప్రైవేటు కంపెనీలో తప్పు ఎత్తి చూపిన ఉద్యోగిని కాపాడే గట్టి చట్టం మన దగ్గర లేదు. కాబట్టి మెయిల్ పెట్టేముందే అనుభవ ధ్రువపత్రం, జీతం స్లిప్పులు దగ్గర పెట్టుకోండి. ఆ చుట్టుపక్కల ప్రాసెసింగ్ ప్లాంట్లు, రొయ్యల ల్యాబులు, మేత కంపెనీలు చాలానే ఉన్నాయి. రెండు మూడు చోట్ల వాకబు చేసి ఉంచుకోండి.

మానేయడం గురించి కూడా ఇక్కడే చెప్పేస్తాను. మానేస్తే మీ మనసు తేలికపడొచ్చు, రేపు పొద్దున వాల్వు తిరగడం మాత్రం ఆగదు. అది తప్పని అనడం లేదు. తమ్ముడి ఫీజు ఇంకా రెండేళ్లు కట్టాలి, కాబట్టి ఇంకో ఉద్యోగం చేతికొచ్చాక మానేస్తే సరిపోతుంది.

ఇప్పుడు ప్లాంటు. మీ మేనేజరు చెడ్డవాడో, భయపడినవాడో నాకు తెలియదు. రెండోదే అనుకుని ఒకసారి ప్రయత్నించి చూడండి. మీ చేతిలో ఆయనకు లేనిది ఒకటుంది, లెక్క. ఉదాహరణకు 15 కిలోవాట్ల బ్లోయర్లు రెండు, రాత్రి ఎనిమిది గంటలు నడిస్తే 240 యూనిట్లు. యూనిట్ ఏడు రూపాయలు వేసుకున్నా 1,680 రూపాయలు. మీ ప్లాంటు అసలు అంకెలు పెట్టి ఈ లెక్క వేయండి. ఒక కంటైనర్ ఆడిట్లో తిరస్కరించబడితే ఎంత, చట్టంలో 33ఎ కింద బోర్డు మూసివేత ఆదేశం ఇచ్చి కరెంటు కట్ చేయిస్తే రోజుకు ఎంత, ఈ రెండూ దాని పక్కన పెట్టండి.

ఇంకో మాట, ఇది కెమిస్టుకే తెలిసే మాట. మీ ట్యాంకులు నిండిపోతోంది నీళ్లతోనా, తొక్కుతోనా? తలకాయలు తీసే బల్లల కింద నుంచి వెళ్లే నీళ్లు ఎప్పుడైనా ఒక పది నిమిషాలు నిలబడి చూడండి. గులాబీ రంగులో నురగ, అందులో మీసాలు, తలకాయ ముక్కలు, ఐసు కరిగిన నీళ్లు. అదంతా ఒకే కాలువలో కలిసి ఈటీపీకి వస్తుంటే బీఓడీ వేలల్లో ఉంటుంది, ఏ బ్లోయరూ దాన్ని లాగలేదు. బల్లల దగ్గరే సన్న జల్లెడలు పెట్టి తొక్కు, తలకాయలు పొడిగా ఎత్తేస్తే చాలా బరువు అక్కడే దిగిపోతుంది. ఆ తొక్కును దాన్నుంచి కైటిన్ అనే పదార్థం తీసేవాళ్లు, మేతలవాళ్లు కొనుక్కుంటారు కూడా. షిఫ్టు మారేటప్పుడు ఫ్లోరు కడిగిన క్లోరిన్ నీళ్లు నేరుగా ఏరేషన్ ట్యాంకులోకి వస్తుంటే అందులో మురికిని తినే బ్యాక్టీరియా చచ్చిపోతుంది. అప్పుడు బ్లోయర్ రాత్రంతా తిప్పినా దండగే. ఈ మూడు సంగతులూ ఒక కాగితం మీద రాసి, "ఈటీపీ ఖర్చు తగ్గించే మార్గం" అని పైన పెట్టి ఇవ్వండి. కాలుష్యం అనే మాట ఎక్కడా రాయకండి. దీన్ని మాయ చేయడం అనుకోవద్దు. యజమానికి ఖర్చు గురించి చెబితే వింటాడు. ఎగుమతి ప్లాంటు కాబట్టి బీఏపీ (బెస్ట్ ఆక్వాకల్చర్ ప్రాక్టీసెస్) లాంటి సర్టిఫికెట్ ఉండే ఉంటుంది, దాని ఆడిట్లో ఈటీపీ గురించి కూడా చూస్తారు. ఆడిట్ తేదీ దగ్గర పడ్డప్పుడు మీ కాగితానికి విలువ ఇంకా పెరుగుతుంది.

ఇక్కడ ఒక్క విషయంలో మాత్రం బతిమాలుతున్నాను. రాత్రి బ్లోయర్ ఆపిన ఏరేషన్ ట్యాంకు కొన్ని గంటల్లోనే నల్లబడి కుళ్లిన గుడ్డు వాసన కొడుతుంది. అది హైడ్రోజన్ సల్ఫైడ్, ప్రాణం తీసే విషవాయువు. 2017 మార్చిలో మొగల్తూరు మండలంలోని ఒక రొయ్యల ప్లాంటులో ట్యాంకు శుభ్రం చేయడానికి దిగిన కుర్రాళ్లు ఐదుగురు చనిపోయారు. మీ ప్లాంటులో స్లడ్జ్ (అడుగున పేరుకున్న బురద) తీయడానికి ఎవరినైనా ట్యాంకులోకి దింపుతున్నారేమో చూడండి. దింపుతుంటే ఈ ఉత్తరంలో అన్నిటికంటే ముందు ఆ సంగతి మాట్లాడండి, ఉద్యోగం సంగతి పక్కన పెట్టి.

ఇక డ్రెయిన్. బోర్డుకు ఫిర్యాదు చేయాలంటే మీరు చేయకండి, ఊరు చేయాలి. పంచాయతీ తీర్మానం, దాని మీద పదిమంది సంతకాలు, బోర్డు ప్రాంతీయ కార్యాలయానికి ఒక కాపీ, కలెక్టరుకు ఒకటి. తెల్లవారుజామున నాలుగింటికి నీటి రంగు మారుతుందని, పాటు మొదలయ్యే (సముద్రపు నీరు వెనక్కి తీసే) వేళకు వదులుతున్నారని సమయంతో సహా రాయాలి. పగలు పదకొండింటికి అధికారి వస్తే బ్లోయర్ తిరుగుతూనే ఉంటుంది. ఊరివాళ్లు సీసాలో పట్టిన నీళ్లు కోర్టులో సాక్ష్యంగా నిలవడం కష్టం. శాంపిల్ తీయడానికి చట్టంలో పద్ధతి ఉంది, ప్లాంటు మనిషికి నోటీసు ఇచ్చి, ఆయన ఎదుట తీసి, సీలు వేయాలి. కానీ ఆ సీసా నీళ్లు, డ్రెయిన్లో చేప తేలిన రోజు ఫొటోలు అధికారిని కదిలించడానికి పనికొస్తాయి. పది రూపాయల ఫీజు కట్టి సమాచార హక్కు కింద ప్లాంటు సీఎఫ్ఓ కాపీ, గత తనిఖీ నివేదికలు అడగొచ్చు, 30 రోజుల్లో సమాధానం రావాలి. అది ఊళ్లో ఎవరైనా అడగొచ్చు, మీరే అడగాల్సిన పనిలేదు. మీరు ప్లాంటు రిజిస్టర్ జిరాక్సు తీసి మావయ్య చేతిలో పెట్టడానికీ, మావయ్య అదే కాగితాన్ని దర్జాగా బోర్డు నుంచి తెచ్చుకోవడానికీ తేడా మీకు తెలుసు. మొదటిదాంతో మీ మీద దొంగతనం కేసు పెట్టే వీలుంటుంది.

అమ్మగారి భయం గురించి కూడా చెప్పాలి. ఆవిడ తప్పుగా ఏం అనడం లేదు. బోర్డు మూసివేత ఆదేశం ఇస్తే అది మొదట తగిలేది రోజుకూలీ ఆడవాళ్లకే. యజమాని వేరే షెడ్డుకు సరుకు మళ్లించుకుంటాడు. కాబట్టి ఊరి ఫిర్యాదులో "ప్లాంటు మూసేయండి" అని రాయకుండా "బైపాస్ లైను తీయించండి, వాల్వుకు సీలు వేయండి, రాత్రి కూడా తనిఖీ చేయండి" అని రాస్తే మంచిది. 2016లో తుందుర్రు దగ్గర కట్టే ఆక్వా ఫుడ్ పార్కు నీళ్లు గొంతేరు డ్రెయిన్లో కలుస్తాయని ఎంత గొడవ జరిగిందో, ఎంతమంది మీద కేసులు పడ్డాయో మీ ఊళ్లో పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. ప్లాంటు నీళ్లను పైపులైను వేసి సముద్రంలోకి పంపాలన్న మాట అప్పుడే వచ్చింది. ఆ పరిస్థితి మీ ఊరికి రాకముందే వాల్వు సంగతి తేల్చుకోవడం అందరికీ నయం.

మావయ్య సంగతి చివర్లో పెట్టడానికి కారణం ఉంది. ఆయన నష్టపరిహారం కోసం జాతీయ హరిత ట్రైబ్యునల్‌కి వెళ్లొచ్చు. దక్షిణాది బెంచి చెన్నైలో ఉంది. పరిహారం కోరడానికి ఐదేళ్ల వరకు గడువు ఉంటుంది, కేవలం ఆపించమని కోరడానికైతే ఆరు నెలలే. కానీ అక్కడ మొదట అడిగే ప్రశ్నలు ఆయనకు ఇబ్బందిగా ఉంటాయి. చెరువుకు కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ (తీరప్రాంత రొయ్యల చెరువులను అదుపు చేసే కేంద్ర సంస్థ) రిజిస్ట్రేషన్ ఉందా? కౌలు చెరువుల్లో ఇది చాలా చోట్ల ఉండదు. పంట పోయినప్పుడు పీసీఆర్ (జబ్బు వైరస్‌ను పట్టే ల్యాబు పరీక్ష) చేయించారా? డెబ్బై రోజులకు రొయ్య ఒక్కసారిగా పోయిందంటే, ఆక్సిజన్ పడిపోయి పోయిందా, వైట్‌స్పాట్ అనే వైరస్ జబ్బుతో పోయిందా అన్నది ల్యాబు కాగితం లేకుండా తేలదు. వైట్‌స్పాట్ అని తేలితే ప్లాంటు మీద కేసు సగం పోయినట్టే.

మీరు గుసగుసగా రాసిన ఆ చివరి వాక్యం కూడా అక్కడికే వస్తుంది. జబ్బు వచ్చిన చెరువులో పట్టుబడి (రొయ్యలు పట్టడం) వలతో మాత్రమే చేయాలని, నీటికి బ్లీచింగ్ కొట్టి, క్లోరిన్ విరిచేసిన తర్వాతే డ్రెయిన్లోకి వదలాలని వనామీ నిబంధనల్లో ఉంది. మామూలు పట్టుబడి నీటిని కూడా రెండు రోజులు శుద్ధి చెరువులో నిలపాలి. మావయ్య ఆ రాత్రే తూము ఎత్తారు. పోటు వేళ ఆ డ్రెయిన్ నుంచే నీళ్లు తోడుకునే కింది రైతు చెరువు ఏమైందో ఆయన అడిగారా? రొయ్యల నీటిని అదుపు చేసే చట్టాలకు మొదటి కారణం ప్లాంట్లు కూడా కావు, చెరువులే. చెరువుల నీళ్లు పొలాలను, తాగునీటిని పాడుచేస్తున్నాయని తమిళనాడు గాంధేయవాది ఎస్. జగన్నాథన్ వేసిన కేసులో 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. 2005లో కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం వచ్చిందీ ఆ తర్వాతే.

ఇదంతా మావయ్యను తప్పు పట్టమని కాదు. అప్పు చేసి వేసిన పంట ఒక్క రాత్రిలో పోతే ఎవరికైనా చెయ్యి తూము మీదకే వెళ్తుంది. ఆయనకు మీరు చేయగల సాయం ప్లాంటు కాగితాలు దొంగతనంగా తేవడం కన్నా వేరే ఉంది. ఈసారి నీళ్లు తోడే ముందు డ్రెయిన్ నీటి డీఓ, అమోనియా మీరు చూసి చెప్పండి. నాలుగెకరాల్లో ఒక మూల చిన్న రిజర్వాయరు కట్టించి, అందులో నీళ్లు నిలిపి, తేరాక చెరువుకు తోడుకోమనండి. కౌలు భూమిలో మూల వదులుకోవడానికి ఆయన ఒప్పుకోడు, తెలుసు. రెండో పంట కూడా పోతే ఎంత నష్టమో లెక్కేసి చూపించండి, మేనేజరుకు చూపించినట్టే. రిజిస్ట్రేషన్ చేయించుకోమనండి, సీడ్ బిల్లులు, మేత బిల్లులు ఒక ఫైల్లో పెట్టుకోమనండి. మళ్లీ రొయ్య తేలితే అదే పూట భీమవరంలో పీసీఆర్‌కు పంపమనండి. అప్పుడు కేసు వేసినా అది నిలబడుతుంది. "ఆ రాత్రి తూము సంగతి నాకు తెలుసు మావయ్యా" అని మీరు చెప్పాలా వద్దా అన్నది మీ ఇష్టం. నేనైతే చెబుతాను, ఆయన ఒక్కరూ ఉన్నప్పుడు. రేపు కోర్టులో ప్లాంటు లాయరు నోటి వెంట వినడం కంటే మేనకోడలి నోటి వెంట వినడమే ఆయనకు నయం.

అమ్మగారితో మాత్రం అన్నీ ఒకేసారి చెప్పకండి. లాగ్‌బుక్ వరకే చెప్పండి. ఐసు నీళ్లలో ఎనిమిది గంటలు నిలబడి వచ్చిన మనిషికి ఒక రోజుకు అంత చాలు.

ఇక రేపు పొద్దున సంగతి. ఎనిమిదింటికి రిజిస్టర్ తెరుస్తారు కదా. అప్పటికే పాత పద్ధతిలో అంకె వేసి ఉంటే దాన్ని కొట్టేయకండి, దాని కింద సంతకమూ పెట్టకండి. శాంపిల్ మీరే తీసి ఇంక్యుబేటర్లో పెట్టి, కింది గీతలో మీ చేతిరాతతో సమయం వేసి, "శాంపిల్ పెట్టాను, ఫలితం మూడు రోజుల తర్వాత" అని రాసి, ఆ వాక్యం కింద సంతకం పెట్టండి.